ముందు ఎముక, తర్వాత కొవ్వు, కణాల మాట ఆఖర్న

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. మా అమ్మాయికి 17 ఏళ్లు, మొన్ననే ఇంటర్ పరీక్షలు రాసింది. పుట్టినప్పటి నుంచీ కుడి చెంప లోపలికి ఉంటుంది. గడ్డం కూడా కుడివైపుకి తిరిగి ఉంటుంది, కుడి చెవి కాస్త చిన్నది. నవ్వితే మూతి ఒక పక్క పైకి పోతుంది. ఫొటో అంటే చాలు, మొహం తిప్పేసుకుంటుంది. బరువు 41 కిలోలు. విజయవాడలో ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే, పొట్టలోంచి కొవ్వు తీసి అందులోని స్టెమ్ సెల్స్ వేరు చేసి కలిపి ఎక్కిస్తామన్నారు. ఒక్క సిట్టింగ్‌లో అయిపోతుందట, జీవితాంతం ఉంటుందట, దవడ ఆపరేషన్ అక్కర్లేదట. రెండు లక్షలవుతుందన్నారు, 20 వేలు అడ్వాన్సు కట్టాం. జూన్‌లో కాలేజీలో చేరేలోగా చేయించెయ్యొచ్చా? కణాలు కలిపితే కొవ్వు నిజంగా నిలబడుతుందా? ప్రమాదం ఏమన్నా ఉందా? కడుపుతో ఉన్నప్పుడు నేను గ్రహణం పట్టించుకోలేదని మా అత్తగారు ఇప్పటికీ అంటారు.
— ఒక తల్లి, కోనసీమ

సమాధానం: జూన్‌లోగా వద్దమ్మా. కొవ్వు ఎక్కించడం చెడ్డ వైద్యమని కాదు. పుట్టుకతో ఒక పక్క మొహం తగ్గిన పిల్లలకి దేశదేశాల్లో చేస్తున్న మంచి వైద్యమే అది. కానీ గడ్డం తిరిగి ఉందని, నవ్వితే మూతి పైకి పోతోందని మీరే రాశారు. ఆ రెండు మాటల్ని బట్టి అక్కడ తక్కువైంది కండ ఒక్కటే కాదు, ఎముక కూడా అయ్యుండొచ్చు. కొవ్వు చెంపని నింపుతుంది, తిరిగిన గడ్డాన్ని మధ్యకి తేలేదు. దవడ ఎక్స్‌రే కూడా తీయకుండా దవడ ఆపరేషన్ అక్కర్లేదని ఎవరైనా అన్నారంటే, ఆ మాటకి ఆధారం లేదు.

ముందు గ్రహణం సంగతి తేల్చేద్దాం. మీరు చెప్పిన లక్షణాలన్నీ కలిపితే ఎక్కువగా సరిపోయేది క్రేనియోఫేషియల్ మైక్రోసోమియా. మొహానికి పుట్టుకతో వచ్చే లోపాల్లో గ్రహణం మొర్రి తర్వాత ఎక్కువగా కనిపించేది ఇదే. గర్భం మొదటి వారాల్లో, చాలామందికి నెల తప్పిందని ఖాయంగా తెలిసే వేళకే, దవడ, చెవి, చెంప తయారయ్యే మొగ్గలు ఒక పక్క సరిగా పెరగవు. ఆ పక్కకి రక్తం అందడంలో తేడా రావడం వల్లనేమో అన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. చాలా కుటుంబాల్లో ఇది ఒక్కరికే వస్తుంది. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఇంకొకటి చూడాలి. పాత ఆల్బం తీయండి. మొదటి పుట్టినరోజు ఫొటో, ఒకటో తరగతి ఫొటో, పదో తరగతి హాల్‌టికెట్ ఫొటో పక్కపక్కన పెట్టండి. మొదటి నుంచీ తేడా ఉంటే పైన చెప్పిన జబ్బే అయ్యుండొచ్చు. చిన్నప్పుడు రెండు చెంపలూ సమానంగా ఉండి, ఏడో ఏటో పదో ఏటో ఒక పక్క పీక్కుపోవడం మొదలైతే అది వేరే జబ్బు, పేరు ప్యారీ రాంబర్గ్. అందులో చెంప కొన్నేళ్లపాటు తగ్గుతూ పోయి తర్వాత ఆగుతుంది. ఆగి కనీసం ఏడాదైనా అయ్యాకే కొవ్వు ఎక్కించాలి.

ఎముక సంగతి ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. ఐస్‌క్రీమ్ పుల్ల లాంటి చదునైన పుల్ల ఒకటి శుభ్రంగా కడిగి, పై దంతాల కింద అడ్డంగా పెట్టి అమ్మాయిని కొరికి పట్టుకోమనండి. గుమ్మం దగ్గర వెలుతురులో తల నిటారుగా పెట్టించి, ఎదురుగా కళ్ల ఎత్తులో ఫోన్ పెట్టి ఫొటో తీయండి. మరీ దగ్గరకి వెళ్లి తీస్తే ముక్కు పెద్దదైపోతుంది, కాబట్టి ఐదడుగుల దూరంలో నిలబడి జూమ్ చేసి తీయండి. ఫొటోలో రెండు కంటిపాపల్ని కలుపుతూ ఒక గీత గీసి, పుల్లతో పోల్చండి. పుల్ల కుడివైపు పైకి లేచి ఉంటే పై దవడ కూడా ఒంపు తిరిగిందన్నమాట. కింది దవడ ఒక పక్క పొట్టిగా ఉంటే, పై దవడ కూడా ఆ పక్క కిందకి దిగకుండా ఉండిపోతుంది. ఈ ఒంపుని కొవ్వు సరిచేయలేదు. కొందరిలో కంటి గూడు కూడా ఒక పక్క కిందకో పైకో ఉంటుంది కాబట్టి ఇదే తుది పరీక్ష అనుకోవద్దు. ఆ ఫొటో మాత్రం డాక్టరుకి చూపించండి.

డాక్టరు దగ్గర ముందు దవడ మొత్తం కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీస్తారు, అవసరమైతే సీటీ స్కాన్. దాన్నిబట్టి దవడని తరగతులుగా విడదీస్తారు. మొదటి తరగతిలో దవడ ఆకారం సరిగానే ఉండి చిన్నదిగా ఉంటుంది. రెండో తరగతిలో చెవి ముందరి కీలు, దాని కింది ఎముక వంకరగా ఉంటాయి. దీన్నే కీలు తన చోట ఉందా, పక్కకి జరిగిందా అని మళ్లీ రెండుగా చూస్తారు. మూడో తరగతిలో ఆ ఎముక అసలు ఉండదు. మీ డాక్టరు చెప్పాల్సిన మొదటి మాట ఈ తరగతి. అది తెలియకుండా ఎన్ని మిల్లీలీటర్ల కొవ్వు కావాలో, ఎన్ని సిట్టింగులు పడతాయో ఎవరూ లెక్క చెప్పలేరు.

దీంతోపాటు మూడు పరీక్షలు అడిగి మరీ చేయించండి: రెండు చెవులకీ వినికిడి పరీక్ష, మెడ ఎముకల ఎక్స్‌రే, కిడ్నీలకి అల్ట్రాసౌండ్. ఈ జబ్బులో కొందరికి వెన్నుపూసల్లో, కిడ్నీల్లో కూడా పుట్టుకతో తేడాలుంటాయి. చెవి పైకి చిన్నగా ఉంటే లోపలి దారి ఇరుకై ఉండొచ్చు. పదిహేడేళ్లు ఒక చెవితోనే విన్న పిల్ల ఆ సంగతి ఇంట్లో చెప్పకపోవచ్చు, తనకే తెలియకపోవచ్చు.

ఎక్కడికెళ్లాలంటే, దూరం పోనక్కర్లేదు. భీమవరంలోను, రాజమహేంద్రవరంలోను డెంటల్ కాలేజీలున్నాయి. అక్కడ పళ్ల వరస చూసే ఆర్థోడాంటిస్టు, దవడ ఆపరేషన్ చేసే మాక్సిల్లోఫేషియల్ సర్జన్ ఒకే ప్రాంగణంలో దొరుకుతారు. వినికిడికి, స్కానింగులకి కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ప్లాస్టిక్ సర్జరీకి విశాఖ కేజీహెచ్. ఒక తేదీ మాత్రం గుర్తుపెట్టుకోండి: అమ్మాయికి 18 నిండే రోజు. పిల్లల ఆరోగ్యం కోసం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పథకం 18 ఏళ్ల వరకే వర్తిస్తుంది. మొహం వంకర ఆ జాబితాలో పేరు పెట్టి లేకపోయినా వినికిడి లోపం ఉంది. మీ ఊరి ఏఎన్ఎంని గాని, పీహెచ్‌సీ డాక్టరుని గాని కలిసి జిల్లా కేంద్రానికి రిఫరల్ రాయించుకోండి. దవడ ఆపరేషన్‌కి ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏది వస్తుందో, ఆసుపత్రిలోని ఆ పథకం కౌంటర్లో తరగతి చెప్పి అడగండి. ముందే డబ్బు కట్టేసి తర్వాత అడిగితే పని జరగదు.

17 ఏళ్ల ఆడపిల్లకి దవడ పెరుగుదల దాదాపు ఆగిపోయి ఉంటుంది. ఆరు నెలల తేడాతో తీసిన రెండు ఎక్స్‌రేలు పోల్చి దాన్ని ఖాయం చేస్తారు. ఒంపు ఎక్కువగా ఉంటే వైద్యం వరస ఇలా ఉంటుంది: ముందు క్లిప్పులతో పళ్ల వరస సరిచేయడం, దానికి ఏడాది నుంచి ఏడాదిన్నర. తర్వాత పై దవడ, కింది దవడ, గడ్డం కోసి కొత్త స్థానంలో ప్లేట్లతో బిగించే ఆపరేషన్. పెరిగే వయసు పిల్లలకైతే ఎముకను కోసి, చిన్న పరికరం బిగించి, రోజుకి 1 మి.మీ. చొప్పున సాగదీసే డిస్ట్రాక్షన్ అనే పద్ధతి ఉంది. మనిషి కింది దవడ మీద ఇది 1992 నుంచి వాడుకలో ఉంది. ఎముక అసలు లేనివాళ్లకి పక్కటెముక ముక్క తెచ్చి పెడతారు. ఇవన్నీ అయ్యి వాపు పూర్తిగా దిగాక, అంటే సుమారు ఆరు నెలలకి, ఇంకా ఎంత లోటు మిగిలిందో చూసి కొవ్వు ఎక్కిస్తారు. ఎముక కదిలితే దాని మీది చెంప ఆకారం కూడా మారుతుంది. ముందే కొవ్వు నింపేస్తే, తర్వాత దవడ జరిపినప్పుడు ఆ కొవ్వే ఎగుడుదిగుడుగా తేలుతుంది.

అలాగని అందరికీ దవడ కోయాలని కాదు. మొదటి తరగతి అయ్యి, పుల్ల దాదాపు అడ్డంగానే ఉండి, నమలడంలో ఇబ్బంది లేకపోతే, గడ్డం ఒక్కటే చిన్న ఆపరేషన్‌తో జరిపి, చెంపకీ దవడ అంచుకీ కొవ్వు పెట్టించుకోవడం సబబైన దారే. ఒక్కోసారి కొవ్వు ఒక్కటే చాలు. క్లిప్పులు, పెద్ద ఆపరేషన్, నెల రోజులు మెత్తటి తిండి, ఇదంతా అమ్మాయి కోరుకుంటోందా అన్నది కూడా లెక్కలోకి రావాలి. ఆ మాట ఆమెని ఒంటరిగా కూర్చోబెట్టి డాక్టరు అడగాలి, మీ ఎదురుగా కాదు.

ఇక కొవ్వు సంగతి. పొట్ట నుంచో, తొడల లోపలి వైపు నుంచో తీస్తారు. ముందు ఆ చోట సెలైన్‌లో మత్తుమందు, లీటరుకి 1 మి.గ్రా. చొప్పున అడ్రినలిన్ కలిపి ఎక్కించి, 10 నుంచి 15 నిమిషాలు ఆగుతారు. రక్తనాళాలు ముడుచుకుని రక్తం తక్కువ పోవడానికి ఆ ఆగడం. తర్వాత 2.5 నుంచి 3 మి.మీ. మందం ఉన్న మొద్దు మొన గొట్టాన్ని 10 మి.లీ. సిరంజికి తగిలించి చేత్తో మెల్లగా లాగుతారు. పెద్ద మిషన్ పెట్టి గట్టిగా పీలిస్తే కొవ్వు కణాలు చితుకుతాయి. లాగిన దాన్ని శుభ్రం చేయడానికి, కోల్మన్ అనే సర్జన్ పద్ధతిలో, గిర్రున తిప్పే మిషన్‌లో పెట్టి నిమిషానికి 3000 చుట్లతో 3 నిమిషాలు తిప్పుతారు. పైన పసుపుపచ్చటి నూనె, అడుగున రక్తం కలిసిన నీరు, మధ్యలో పనికొచ్చే కొవ్వు. పైదీ కిందదీ పారబోసి మధ్యదే వాడతారు. కొందరు తిప్పకుండా గుడ్డ మీద ఆరబెట్టో, జల్లెడ పట్టో శుభ్రం చేస్తారు. అదీ మంచి పద్ధతే. తీసినదాంట్లో చివరికి మిగిలే మంచి కొవ్వు సగానికి అటూ ఇటూ.

ఎక్కించడంలోనే సర్జన్ పనితనమంతా ఉంది. 1 మి.లీ. సిరంజి, సన్నటి మొద్దు గొట్టం. గొట్టం లోపలికి దూర్చి, వెనక్కి లాక్కుంటూ వచ్చేటప్పుడు మాత్రమే కొవ్వు వదలాలి. ఒక్కో లాగుడుకి 0.1 మి.లీ. దాటకూడదు. అంటే 20 మి.లీ. పెట్టడానికి కనీసం రెండు వందల లాగుళ్లు. ఎముక మీద ఒక పొర, కండలో ఒక పొర, చర్మం కింద ఒక పొర, రెండు మూడు కన్నాల నుంచి అడ్డదిడ్డంగా గీతలు పడేలా. ఒక చెంపని పావుగంటలో ముగించేశారంటే ముద్దలు ముద్దలుగా పోసేశారన్నమాటే.

ముద్ద ఎందుకు పనికిరాదంటే, తెచ్చిపెట్టిన కొవ్వుకి రక్తనాళం ఉండదు. మొదటి రోజుల్లో చుట్టూ ఉన్న కండలోంచి ఊరే తడితోనే బతకాలి, తర్వాత కొత్త నాళాలు అల్లుకోవాలి. అంచు నుంచి మిల్లీమీటరులో మూడో వంతు లోతు వరకూ ఉన్న కొవ్వు కణాలే సరిగా బతుకుతాయని జపాన్‌లో యోషిమురా బృందం చేసిన పరిశోధనల్లో తేలింది. ఇంకాస్త లోపల కొవ్వు కణాలు చచ్చిపోయినా మూల కణాలు, అంటే స్టెమ్ సెల్స్, మిగిలి మళ్లీ కొవ్వుని పుట్టిస్తాయి. బాగా నడిబొడ్డున ఉన్నది పూర్తిగా చచ్చి నూనె గడ్డగానో, సున్నపు పలుకుగానో మిగులుతుంది. గుప్పెడు నారు ఒకే కుదురులో గుచ్చితే ఏం జరుగుతుందో మీ వైపు వాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు.

మీరు అడిగిన స్టెమ్ సెల్స్ మాట ఇక్కడే వస్తుంది. ఆ మధ్య పొరలో బతికే మూల కణాలే పని చేస్తున్నప్పుడు, వాటినే ఇంకొన్ని కలిపితే ఎక్కువ కొవ్వు నిలబడదా అన్నది ఆలోచన. తీసిన కొవ్వులో సగం పక్కన పెట్టి, కొల్లాజినేజ్ అనే ఎంజైము కలిపి, 37 డిగ్రీల వేడిలో అరగంట నుంచి గంట కదుపుతారు. కొవ్వు కరిగి విడిపోయాక తిప్పితే అడుగున చిన్న ఎర్రటి గుళికలా చేరుతుంది. దాన్ని ఎస్‌వీఎఫ్ అంటారు. అందులో మూల కణాలు కొంత భాగమే, మిగతావి రక్తనాళపు గోడ కణాలు, తెల్ల కణాలు వగైరా. ఎంజైము ఆనవాళ్లు పోయేదాకా పలుమార్లు కడిగి, మిగతా సగం కొవ్వులో కలిపి ఎక్కిస్తారు.

పనిచేస్తుందా? మీ అమ్మాయికి ఉన్నలాంటి జబ్బు మీదే బ్రెజిల్‌లో చేసిన ఒక పరిశోధన 2013లో వచ్చింది. మొత్తం 14 మంది. కణాలు కలిపిన కొవ్వు ఆరు నెలలకి 88 శాతం మిగిలింది, కలపనిది 54 శాతం. అదే ఏడు డెన్మార్క్‌లో ఇంకా పెద్ద తేడా చూపించారు: 80.9 శాతం ఒకపక్క, 16.3 శాతం ఒకపక్క. క్లినిక్‌ల బ్రోచర్లలో సాధారణంగా ఈ రెండోదే ఉంటుంది. కానీ అక్కడ కణాల్ని లేబొరేటరీలో రోజుల తరబడి పెంచి, మిల్లీలీటరు కొవ్వుకి 2 కోట్ల కణాలు కలిపారు. పైగా పెట్టింది ఆరోగ్యవంతుల చేతి వెనక, నాలుగు నెలల తర్వాత కోసి తీసేశారు. అదే రోజు గంటలో తీసే కణాలకి ఆ లెక్క వర్తించదు. తర్వాత వచ్చిన పరిశోధనల్లో కొన్నిట్లో తేడా కనిపించింది, కొన్నిట్లో కనిపించలేదు. ఆశ ఉన్న పద్ధతే. బజారులో అమ్మే స్థాయికి ఇంకా రాలేదన్నది మా అభిప్రాయం.

సరే, బ్రెజిల్ అంకెలే నిజమనుకుని మీ అమ్మాయికి లెక్క కట్టి చూద్దాం. చెంపలో శాశ్వతంగా 20 మి.లీ. నిలవాలనుకోండి. కణాలు కలిపితే 23 మి.లీ. ఎక్కించాలి, ఒక్క సిట్టింగ్. మామూలు కొవ్వయితే మొదట 22 మి.లీ. పెడితే 12 నిలుస్తుంది. ఆరు నెలలాగి ఇంకో 15 పెడితే 8 నిలుస్తుంది. అంటే కణాల వల్ల మీకు తప్పేది ఒక చిన్న సిట్టింగ్. దానికోసం చెల్లించేదేమిటి? ఎక్కించే 23కి తోడు కణాల కోసం ఇంకో 23, మొత్తం 46 మి.లీ. శుభ్రమైన కొవ్వు ఒకేసారి కావాలి. దానికి 80, 90 మి.లీ. పైగా లాగాలి. 41 కిలోల పిల్ల ఒంట్లోంచి అంత లాగితే పొట్ట మీదో తొడ మీదో గుంటలు పడే వీలుంది. బక్కపల్చటి పిల్లకి ఇది నష్టపు బేరం. రెండో సిట్టింగ్‌కి ఇంకో మేలు కూడా ఉంది. మొదటిసారి ఎక్కడ నిలిచింది, ఎక్కడ తగ్గింది చూసుకుని సర్జన్ సరిదిద్దుకోవచ్చు. ఒకేసారి ఎక్కువ పోసేస్తే చెంప బిగుసుకుని లోపలి ఒత్తిడికి రక్తం అందక ఉన్నదీ చస్తుంది. తక్కువైన కొవ్వుని మళ్లీ పెట్టుకోవచ్చు గాని, మొహంలో ఎక్కువైనదాన్ని తీయడం చాలా కష్టం.

ఇంకో కిటుకు గమనించండి. చాలా చోట్ల స్టెమ్ సెల్స్ అని చెప్పి చేసేది నానోఫ్యాట్. కొవ్వుని రెండు సిరంజిల మధ్య ముప్పైసార్లు అటూ ఇటూ తోసి పాలలా చేసి, వడగట్టి సన్నసూదితో ఎక్కిస్తారు. 2013లో బెల్జియం సర్జన్లు దీన్ని వివరించినప్పుడే అందులో బతికున్న కొవ్వు కణాలు మిగలవని చెప్పారు. చర్మం నునుపుకీ, మచ్చలకీ ఉపయోగపడుతుందేమో గాని గుంట నిండదు. ఎంజైము పేరేమిటి, మిల్లీలీటరుకి ఎన్ని కణాలొచ్చాయి, అందులో ఎన్ని శాతం బతికున్నాయి, సూక్ష్మజీవుల పరీక్ష ఏ ల్యాబ్‌లో చేస్తారు అని అడగండి. అంతర్జాతీయ సంఘాలు పెట్టిన కొలత ప్రకారం కనీసం 70 శాతం కణాలు బతికుండాలి. ఆ కాగితం చూపించలేకపోతే వాళ్ల దగ్గర ఉన్నది సిరంజి మాత్రమే.

చట్టం మాటకొస్తే, మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ జబ్బులకి చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతా స్టెమ్ సెల్ వైద్యమంతా పరిశోధన కిందికే వస్తుంది. అంటే అనుమతులున్న క్లినికల్ ట్రయల్‌లోనే చేయాలి. ట్రయల్ అయితే సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్టరులో నంబరు ఉంటుంది. ఆ నంబరు అడగండి, వెబ్‌సైట్లో ఉచితంగా వెతుక్కోవచ్చు. ట్రయల్‌లో చేసే వైద్యానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. రెండు లక్షలు అడిగారంటే అది ట్రయల్ కాదు, ట్రయల్ కాకపోతే చేయకూడదు. అమెరికాలో కూడా ఎంజైముతో తీసిన ఈ కణాల్ని మందుల చట్టం కిందే చూడాలని 2024లో అప్పీలు కోర్టు తేల్చింది. మామూలు కొవ్వు ఎక్కించడానికి ఈ ఆంక్షలేవీ లేవు, అది ఎప్పటినుంచో ఉన్న శస్త్రచికిత్స.

ప్రమాదం గురించి అడిగారు. అందరూ చెప్పేది గుడ్డితనం. నిజమే, కొవ్వు పొరపాటున రక్తనాళంలోకి పోయి వెనక్కి కంటిదాకా చేరితే చూపు పోతుంది, మెదడుకి చేరితే పక్షవాతం. ఎక్కువగా జరిగేది కనుబొమల మధ్య, ముక్కు, నుదురు, కణతల దగ్గర. బజార్లో దొరికే ఫిల్లర్ అయితే కరిగించే ఇంజెక్షనుంది, కొవ్వుకి అది కూడా లేదు. అందుకే మొద్దు మొన గొట్టం, తక్కువ ఒత్తిడి, బొట్టుబొట్టుగా అన్న నియమాలు. మీ అమ్మాయికి కావాల్సింది చెంప, దవడ అంచు కాబట్టి ఆ ప్రమాదం తక్కువ, లేకపోలేదు. కుడి పక్క మొహం కదిలించే నరం ఈ జబ్బులో తన దారిలో ఉండకపోవచ్చని కూడా సర్జన్‌కి ఎరుక ఉండాలి.

దానికంటే మాకు ఎక్కువ భయం మత్తు దగ్గర. దవడ చిన్నగా ఉన్నవాళ్లకి నాలుక వెనక్కి జారుతుంది, శ్వాస గొట్టం వేయడం కష్టమవుతుంది. మెడపూసలు అతుక్కుని ఉంటే తల వెనక్కి వంచడం కుదరదు. అందుకే మెడ ఎక్స్‌రే ముందు తీయమన్నాం. అలాంటి పిల్లకి మత్తు డాక్టరు లేకుండా, ఊరికే కాస్త నిద్రమందు ఇస్తాం అంటూ బ్యూటీ క్లినిక్ బల్ల మీద పడుకోబెట్టడం ప్రాణానికే ముప్పు. అమ్మాయి గురక పెడుతుందా, నిద్రలో ఉలిక్కిపడి లేస్తుందా, నోరు మూడు వేళ్లు పట్టేంత తెరుచుకుంటుందా గమనించి మత్తు డాక్టరుకి ముందురోజే చెప్పండి. కెమెరా ఉన్న గొట్టంతో శ్వాస దారి వేసే ఏర్పాటున్న పెద్దాసుపత్రిలోనే చేయించండి.

చెవి సంగతి కూడా మరవొద్దు. ఎప్పటికైనా పక్కటెముక మెత్తని ఎముకతో చెవి సరిచేయించుకునే ఆలోచన ఉంటే, ఆ సర్జన్‌ని అడగకుండా చెవి ముందర, కణత దగ్గర కొవ్వు ఎక్కించుకోవద్దు. చెవికి కప్పే పొర, దాని రక్తనాళం అక్కడి నుంచే తీస్తారు.

కొవ్వు ఎక్కించే రోజు వచ్చాక చేయాల్సినవి కొన్ని. ముందు ఆరు నెలలు బరువు నిలకడగా ఉండాలి. కొవ్వు తీయాలి కదా అని పూతరేకులూ నెయ్యన్నం పెట్టి లావు చేయొద్దు. లావైనప్పుడు తీసి పెట్టిన కొవ్వు ఆమె మళ్లీ సన్నబడితే చెంపలోనూ తగ్గుతుంది. తారుమారుగా, రేపు పెళ్లయ్యి కాన్పు తర్వాత పది కిలోలు పెరిగితే ఆ పక్క చెంపే ముందు ఉబ్బుతుంది. పొట్ట నుంచి తెచ్చిన కొవ్వు చెంపలోకొచ్చినా పొట్ట స్వభావాన్నే చూపిస్తుంది. ఇది ముందే చెప్పే సర్జన్ దొరికితే నమ్మొచ్చు. ఆస్పిరిన్, చేపనూనె మాత్రలు డాక్టరుని అడిగి వారం పది రోజుల ముందు ఆపాలి. ఇంట్లో చుట్ట కాల్చేవాళ్లుంటే ఆ నెలంతా అరుగు దాటి బయటికి పొమ్మనండి. పొగాకు సన్నటి నాళాల్ని ముడిచేస్తుంది, కొత్తగా పెట్టిన కొవ్వుకి కావాల్సింది అవే.

తర్వాత రెండు మూడు రోజులు వాపు పెరుగుతుంది, కమిలిన రంగు పది రోజుల నుంచి రెండు వారాలు. మొదటి వారం అద్దంలో చెంప ఉండాల్సినదానికంటే లావుగా కనబడుతుంది. నెల తిరిగేసరికి కొవ్వంతా పోయిందని ఏడుపొస్తుంది. రెండూ నిజం కాదు. మూడు నెలలకి ఒక అంచనా వస్తుంది, తుది లెక్క ఆరు నెలలకి. మూడు వారాలు ఆ పక్క పడుకోకూడదు, మసాజ్ చేయకూడదు, కుట్లు మానేదాకా కాలవలో గాని గోదాట్లో గాని మునగకూడదు. మూడో రోజు తర్వాత నొప్పి, ఎరుపు, జ్వరం పెరుగుతుంటే వెంటనే వెళ్లాలి. చూపు మసకబారినా, మాట తడబడినా, ఊపిరాడకపోయినా నిమిషం ఆగకూడదు. నెలకోసారి అదే గుమ్మం దగ్గర, అదే ఐదడుగుల దూరం నుంచి ఫొటో తీసి దాచండి. నిలిచిందో లేదో వాదించుకోవడానికి ఆ ఫొటోలే పనికొస్తాయి.

కాబట్టి జూన్‌లో అమ్మాయిని కాలేజీలో చేర్పించండి. ఈ వేసవిలో ఓపీజీ, వినికిడి, మెడ ఎక్స్‌రే, కిడ్నీ స్కాన్ అయిపోతే చాలు. దసరా సెలవుల్లోగా దవడ తరగతి తేలి, కొవ్వు ఒక్కటే చాలా, క్లిప్పులు మొదలుపెట్టాలా తెలుస్తుంది. క్లిప్పులతో కాలేజీకి వెళ్లొచ్చు, ఇప్పుడు సగం క్లాసు వేసుకునే వస్తోంది. కొవ్వు ఒక్కటే అయితే సంక్రాంతి సెలవులు సరిపోతాయి.

అడ్వాన్సు రసీదు తీసి చూడండి. దాని మీద ఏ వైద్యానికి కట్టారో రాసి ఉందా, ఉత్త కన్సల్టేషన్ అని ఉందా? ఏదున్నా, సీటీఆర్ఐ నంబరు, పరిశోధనలకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ కాగితం కాపీ ఇవ్వమని, లేకపోతే 20 వేలూ తిరిగివ్వమని తెలుగులోనే ఒక ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపండి, ఫోన్‌లో మాట్లాడి వదిలేయొద్దు. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. పోస్టు రసీదు, బ్రోచరు, వాట్సాప్‌లో వాళ్లు పంపిన హామీలు ఏవీ చెరిపేయకండి.